మూఢంలో ఆగని మిషన్

ఆ ఏడు మూఢం ఎండాకాలంలోనే పడింది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఒక్క ముహూర్తం లేదు. మూఢం పోగానే ఆషాఢం. అంటే శ్రావణం దాకా పెళ్లి బాజా మోగదు. ఇల్లందులో టెంటు సామాను కిరాయికిచ్చేవాళ్లు, బ్యాండువాళ్లు, పూలకొట్లవాళ్లు, మాలాంటి ఫోటో స్టూడియోవాళ్లు అందరం ఒక్కసారే చేతులు ముడుచుకుని కూర్చున్నాం.

మా స్టూడియో అంటే ఇంటి ముందుగదే. పైన సిమెంటు రేకులు. బయట బోర్డు మీద 'ప్రేమ్‌సాగర్ డిజిటల్స్' అని మా ఆయన పేరు, కెమెరా పట్టుకున్న ఆయన ఫోటో. పెళ్లికి వెళ్లి తీసేది ప్రేమ్. తీసుకొచ్చినదాన్ని కోసి, అతికించి, రంగులు సరిచేసి, పెళ్లికూతురు ఏడ్చిన చోట ఎంతసేపు నిలపాలో చూసి, మూడు గంటల వీడియోగా చేసేది నేను. తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. ఆ వీడియోలు చూసినవాళ్లకు భాను అని ఒక మనిషి ఉన్నట్టు తెలియదు. అప్పట్లో నాకూ ఆ పట్టింపు లేదు.

మాఘమాసం పెళ్లిళ్లకు ముందు ఖమ్మం నుంచి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చుకున్నాం. వీడియోలు చేసే కంప్యూటర్‌కు అదే బలం. జానెడు పొడవు, మీద రెండు చిన్న ఫ్యాన్లు. అది వచ్చాక పూటంతా పట్టే పని గంటలో అయ్యేది. మూఢం రాగానే దానికీ పని పోయింది.

ఆ ఎండల్లోనే మా మామకు దమ్ము ఎక్కువైంది. మామ పేరు వెంకటనారాయణ. బాయిలో, అంటే బొగ్గుగనిలో, పద్దెనిమిదేళ్లు బొగ్గు నింపాడు. కాలు విరిగాక పైన ఫ్యాన్ హౌస్‌లో వేశారు. భూమి కింద పనిచేసేవాళ్లకు గాలి ఆడించే పెద్ద ఫ్యాన్ ఉంటుంది, దాన్ని కాచే పని. రిటైరయ్యే దాకా అదే చేశాడు. ఆ తర్వాత వాకిట్లో మంచం, మంచం మీద ఆయన. పది అడుగులు వేస్తే ఆగి, గోడ పట్టుకుని, నోటితో గాలి పీల్చేవాడు.

మే మొదటి వారంలో నేనే ఖమ్మం తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఊపిరితిత్తులు మచ్చలు పడి గట్టిపడ్డాయమ్మా. ఇంకా ముదరకుండా చూడగలం. మళ్లీ మామూలుగా చేసే మందు ఇంకా రాలేదు. పరిశోధనలు జరుగుతున్నాయి."

"ఎక్కడ సార్?" అన్నాను.

ఆయన రాస్తున్న పెన్ను ఆపాడు. "ఏంటమ్మా?"

"పరిశోధనలు ఎక్కడ జరుగుతున్నయి? ఎవరు చేస్తున్నరు?"

ఆయన నవ్వాడు. చెడ్డగా ఏమీ కాదు, చిన్నపిల్లను చూసి నవ్వినట్టు. "అవన్నీ మీకెందుకమ్మా. టైముకు గోలీలు వేయండి."

తిరుగు బస్సులో మామ కిటికీ పక్కన కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లంతా మండుతోంది, ఎండ వల్ల మాత్రమే కాదు. మీకెందుకమ్మా! నా పక్కన కూర్చున్న మనిషి ఊపిరి గురించి నాకెందుకట. ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాను. ఇల్లందు వచ్చేసరికి ఒక సంగతి తెలిసింది.

మన ఒంట్లో ప్రోటీన్లనేవి ఉంటాయి. అవి ఎట్లా ముడుచుకుంటాయో, ఎక్కడ తప్పుగా ముడుచుకుని రోగం తెస్తాయో లెక్కగట్టి చూడాలట. ఆ లెక్క ఎంత పెద్దదంటే ఏ ఒక్క కంప్యూటర్‌కూ చాలదు. అందుకని దాన్ని ముక్కలు ముక్కలు చేసి, ప్రపంచంలో ఎవరు ఒప్పుకుంటే వాళ్ల ఇళ్లకు పంపిస్తారు. మన కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ ముక్కను లెక్కచేసి గడువులోగా తిరిగి పంపాలి. పైసా ఇవ్వరు, మనం పైసా కట్టేదీ లేదు. ఊపిరితిత్తుల మచ్చల మీద కూడా కొన్ని ముక్కలు నడుస్తున్నాయని ఉంది. చివర్లో ఒక మాట: మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లు ఎక్కువ సాయపడగలరు.

మా ముందుగదిలో అది ఏ పనీ లేకుండా పడి ఉంది.

మర్నాడు పొద్దున వంట కాగానే ఆ ప్రోగ్రామ్ ఎక్కించాను. పేరు అడిగితే అలవాటు కొద్దీ 'ప్రేమ్‌సాగర్ డిజిటల్స్' అని కొట్టాను. మొదటి ముక్క వచ్చింది. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తొమ్మిది శాతం దాకా వెళ్లి ఎర్రగీత వచ్చి ఆగిపోయింది. రెండోది ఇరవై దగ్గర ఆగింది. సాయంత్రానికి ఆరు ముక్కలు పాడుచేశాను. పాడైన ముక్కను వాళ్లు మళ్లీ ఇంకెవరికో పంపుకోవాలట. సాయం చేయబోయి పని పెంచినట్టయింది.

"ఏంది ఆ సప్పుడు? పెండ్లిళ్లు లేవు కదా," అన్నాడు ప్రేమ్.

చెప్పాను. ఆయన తెర వంక, నా వంక చూశాడు. "కార్డు ఖరాబైతే శ్రావణంల ఏం జేస్తం? పదకొండు పెండ్లిళ్లు ఒప్పుకున్నం. బంద్ జెయ్యి."

"ఖరాబు కాకుండ చూస్కుంట," అన్నాను. ఎట్లా చూసుకోవాలో అప్పటికి నాకేమీ తెలియదు.

ఇట్లాంటి పని చేసేవాళ్లంతా కలిసి మాట్లాడుకునే చోటు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంటే, వచ్చీరాని ఇంగ్లీషులో నా బాధ రాశాను. ఎవరో ఎక్కడినుంచో జవాబిచ్చారు. కార్డు ఏది, డ్రైవర్ ఏది, స్పీడు ఎంతలో పెట్టారు అని. వెతికి చూస్తే, మాకు కార్డు అమ్మినతను దాని స్పీడు కంపెనీ ఇచ్చినదానికంటే పెంచి ఇచ్చాడు. పెళ్లి వీడియోలకు అది మంచిదే. ఒక బొమ్మలో ఒక చుక్క రంగు తప్పితే ఎవరు చూస్తారు? ఈ లెక్కలో ఒక్క అంకె తప్పితే మొత్తం చెత్తబుట్టలోకే. 'నీకు వేగం వద్దు, తప్పులేని పని కావాలి' అని ఆ మనిషి రాశాడు. ఆ మాట నాకు నచ్చింది. పెళ్లి సీజన్‌లో జల్దీ, జల్దీ అన్నవాళ్లే గానీ ఇట్లా చెప్పినవాళ్లు లేరు.

స్పీడు తగ్గించాను. ఈసారి నలభై శాతం దాకా పోయింది. ఇక డ్రైవర్ సంగతి చూశాను. డ్రైవర్ అంటే కంప్యూటర్ చెప్పేది కార్డుకు అర్థమయ్యేలా చేరవేసే సాఫ్ట్‌వేర్. కొత్తది వచ్చిందని చెప్పినప్పుడల్లా ప్రేమ్ చూడకుండా ఎస్ కొట్టేవాడు. పాతది సగం, కొత్తది సగం పేరుకుపోయి ఉన్నాయి. మొత్తం ఊడ్చి, వాళ్లు బాగా పనిచేస్తుందన్న పాత డ్రైవర్ ఎక్కించాలి. మొదటిసారి చేసినప్పుడు తెర నల్లబడిపోయింది. తిప్పి తిప్పి మూడోసారికి కుదిరింది.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి, చేసింది రాసుకోవాలి అని ఆ మనిషే చెప్పాడు. మా దగ్గర పెళ్లికార్డుల నమూనాలు కట్టలు కట్టలు ఉన్నాయి. వాటి వెనక రాశాను. ముందు వైపు వినాయకుడు, తమలపాకులు. వెనక వైపు డ్రైవర్ నంబరు, స్పీడు, వేడి, ఎన్ని శాతం దగ్గర ఆగింది.

ఇప్పుడు తప్పులు రావడం లేదు, వేడి మాత్రం తగ్గడం లేదు. బయట నలభై నాలుగు డిగ్రీలు, రేకుల కింద ఇంకా ఎక్కువ. కార్డు ఎనభై తొమ్మిదికి చేరి, తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదించేది. గడువు దాటిపోయేది. మధ్యాహ్నం ఫ్యాన్లు చేసే మోతకు అత్త బతుకమ్మ చెవులు మూసుకునేది.

"ఇంట్ల పిండిగిర్నీ పెట్టినవా ఏంది పిల్లా?"

ఆ మధ్యాహ్నమే మామ వాకిట్లోంచి లేచి గోడ పట్టుకుంటూ ముందుగదిలోకి వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, దమ్ము కుదురుకునే దాకా ఆగాడు. తర్వాత చెవి ఒగ్గి విన్నాడు.

"ఫ్యాన్ మొత్తుకుంటంది భానూ. దానికి గాలి దొరుకుతలేదు."

"రెండు ఫ్యాన్లున్నయి మామా, ఫుల్లు మీద తిరుగుతున్నయి."

"తిరిగితే ఏమాయె? ఏ గాలిని తిప్పుతందో చూడాలె. ఊదుబత్తి తే."

దేవుడి గూట్లోంచి ఊదుబత్తి తీస్తుంటే అత్త కోప్పడింది. "దేవునిది తీసి డబ్బాకు పెడ్తరా?" అంటూనే అగ్గిపెట్టె అందించింది.

ప్రేమ్ మా కంప్యూటర్‌కు ప్లైవుడ్ బీరువా చేయించాడు. దుమ్ము పడకుండా, వచ్చినవాళ్లకు అందంగా కనబడేలా ముందు అద్దం తలుపు. మామ తలుపు కొంచెం తీయించి ఊదుబత్తిని వెనక వైపు పట్టమన్నాడు. పొగ వెనకనుంచి పైకి లేచి, బీరువా పైచెక్కకు తగిలి, ముందుకు వంగి, మళ్లీ కంప్యూటర్ ముందు రంధ్రాల్లోంచి లోపలికి పోయింది.

"చూసినవా? ఇడిసిన గాలే మల్ల పీలుస్తంది. బాయిల గిట్లయితే మనుషులు పడిపోతరు." ఆగి గాలి తీసుకున్నాడు. "వచ్చే గాలికి ఒక తొవ్వ, పోయే గాలికి ఒక తొవ్వ. రెండూ కలువొద్దు. గంతే."

ఆ తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో అదే పని. మామ స్టూలు మీదనుంచి కదలకుండా చెప్పడం, నేను చేయడం. బీరువా వెనక చెక్క కోశాం. గోడకు పైన వెంటిలేటర్ ఉంది, పిట్టలు దూరతాయని ఎప్పుడో అట్టముక్క కొట్టేశారు. అది ఊడబీకి, కార్డు ఊదే వేడిగాలి నేరుగా అందులోంచి బయటికి పోయేలా ఆల్బమ్ అట్టలతో గొట్టంలాగా కట్టాం. చల్లగాలి కిందనుంచి, ఉత్తరం వైపు కిటికీ దగ్గరనుంచి రావాలి. సందుల్లో గోనెసంచి కుక్కమన్నాడు. ప్రతి సందు దగ్గరా ఊదుబత్తి పెట్టి చూడమన్నాడు. ఒకచోట పొగ కొంచెం వెనక్కి లాగింది.

"దొంగగాలి. అది మూసెయ్యి," అన్నాడు.

రిటైరయ్యాక మామ అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. అత్త గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ మమ్మల్ని చూస్తుండేది.

వేడి డెబ్బై ఎనిమిదికి దిగింది. మిగతాది నేను చేశాను. కార్డు తాగే కరెంటుకు ఒక హద్దు పెట్టవచ్చు. నూరు నుంచి తొంభై, తొంభై నుంచి ఎనభై, ఒక్కో మెట్టు దగ్గర మూడేసి ముక్కలు నడిపి చూశాను. డెబ్బై దగ్గర కుదిరింది. అరగంట ఆలస్యమవుతుంది గానీ వేడి అరవై తొమ్మిది దాటదు, ఒక్క తప్పు రాదు, ఫ్యాన్ల మోత తగ్గి మామూలు గాలి చప్పుడు వస్తుంది.

ఒక పొద్దున బియ్యం కడుగుతుంటే తెర మీద నూరు శాతం కనబడింది. ముక్క వెళ్లిపోయింది. కాసేపటికి 'అందింది, సరిగా ఉంది' అని జవాబు. చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. దాని పక్కనే పంపినవారు ప్రేమ్‌సాగర్ డిజిటల్స్ అని ఉంది. కొంచెంసేపు దాన్ని చూశాను. తర్వాత ప్రోగ్రామ్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పేరు తీసేసి 'భాను, ఇల్లందు' అని రాశాను. బియ్యం పొయ్యి మీద పెట్టాను.

జూన్ రెండో వారానికి నలభై ముక్కలు దాటాయి. ఊళ్లో మాత్రం ఇంకో కథ లేచింది. ప్రేమ్‌సాగర్ భార్య ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌తో ఏదో ఇంటర్నెట్ డబ్బు, కాయిన్లు తయారుచేస్తోందని, పోలీసులొస్తారని. ఇరుగు పొరుగు వచ్చి అడిగితే కూర్చోబెట్టి అంతా చెప్పేదాన్ని. విని, "మనకేమొస్తది?" అనేవారు. "ఏం రాదు," అనేదాన్ని. అదే వాళ్లకు నమ్మబుద్ధి కాలేదు. బజారులో నవ్వుతున్నారని ప్రేమ్ నాతో ముభావంగా ఉన్నాడు.

మామను రెండోసారి డాక్టరుకు చూపించడానికి అత్త, నేను కలిసి తీసుకెళ్లాం. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోవాల్సి వస్తుందన్నాడు డాక్టరు. మేం లేస్తూ ఉంటే అలవాటు కొద్దీ, "ధైర్యంగా ఉండండమ్మా, పరిశోధనలు జరుగుతున్నాయి," అన్నాడు.

"అవ్ సార్. మా ఇంట్ల గూడ జరుగుతున్నయి," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. మామకు అయింది. మెట్లు దిగుతూ ఆగి ఆగి నవ్వాడు, నవ్వుకు దగ్గు వచ్చి రెయిలింగు పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఇంటికి చేరాం. గేటు దగ్గరే మామ నిలబడిపోయాడు.

"ఫ్యాన్ ఆగింది."

ముందుగదిలో కంప్యూటర్ పక్కతలుపు ఊడదీసి ఉంది. కార్డు ఉండాల్సిన చోట ఖాళీ. ప్రేమ్‌కు ఫోన్ చేస్తే, ఖమ్మంలో గోపాలుకు ఇచ్చానన్నాడు. గోపాలు ఆయన దోస్తు, కంప్యూటర్ ఆటల సెంటర్ నడుపుతాడు.

"సెలవులు కదా, మందికి సిస్టమ్‌లు సరిపోతలేవంట. శ్రావణం దాకనే. ఉత్తగ ఉన్నదే కదా," అన్నాడు.

"ఉత్తగ లేదు. మేం పోయేటప్పుడు ఎనభై ఆరు శాతం మీద ఉండె," అన్నాను.

"ఏంది?"

ఫోన్ పెట్టేశాను. మామ స్టూలు మీద కూర్చుని వెంటిలేటర్‌కు కట్టిన అట్టగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూస్తున్నాడు, అక్కడ ఏ గాలీ లేదని తెలిసినా. కాసేపటికి లేచి వాకిట్లోకి పోయి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నేను స్క్రూడ్రైవర్, పాత చీర ముక్క, కార్డు వచ్చిన అట్టపెట్టె సంచిలో వేసుకున్నాను. చెప్పులు తొడుక్కుంటుంటే అత్త గడపలోకి వచ్చింది. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంటోంది.

"నేనొస్త," అంది.

"మామ ఒక్కడే ఉంటడు."

"పక్కింటి శోభారాణికి చెప్పిన. నడువు."

ఇద్దరం ఖమ్మం బస్సెక్కి, ఆధార్ కార్డులు చూపించి, ఆడవాళ్లకు ఉత్తగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని కూర్చున్నాం. దారి పొడవునా అత్త ఒక్క మాటే మాట్లాడింది, అదీ కిటికీలోంచి బయటికి చూస్తూ. "నాలుగేండ్లాయె, ఆయన మంచం దిగి ఒక పని చెయ్యక."

గోపాలు సెంటర్ ఒక కాంప్లెక్స్‌లో మొదటి అంతస్తు. ఏసీ చల్లదనం, ఎర్రలైట్లు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కాలేజీ పిల్లలు తెర మీద తుపాకులు పేలుస్తున్నారు. గోపాలు లేచి వచ్చాడు.

"వదినా! రండి రండి. అమ్మా, మీరు గూడ వచ్చిన్రా?"

"మా కార్డు ఏ దాంట్ల పెట్టినవ్?" అన్నాను.

"అన్న ఇచ్చిండు కదా వదినా."

"అన్న ఇచ్చిండు. నేను ఇయ్యలె."

"అన్నతోని మాట్లాడి..."

"నువ్వు మాట్లాడుకో. నేను ఆలోపు తీస్కుంట. ఏ సిస్టమ్?"

అతను అత్త వైపు చూశాడు, పెద్దమనిషి సర్దిచెబుతుందని. అత్త అక్కడున్న పెద్ద చక్రాల కుర్చీలో జాగ్రత్తగా కూర్చుంది. కుర్చీ కొంచెం తిరిగితే బల్ల పట్టుకుని ఆపుకుంది.

"గోపాలూ, నీ పెండ్లి క్యాసెట్ ఎవరు చేసిండ్రో ఎర్కనా?" అంది. "ఈ పిల్లే చేసింది. మీ నాయిన పోయినంక మీ అమ్మ రోజూ పెట్టుకుని చూస్తదట కదా, మీ నాయిన డాన్స్ చేసింది. అది గూడ ఈ పిల్ల తీసెయ్యకుండ ఉంచిందే. ఆ మిషన్ దీని చేతుల ఉంటేనే పనికొస్తది. ఇచ్చెయ్యి బిడ్డా."

గోపాలు కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత మూలనున్న సిస్టమ్ దగ్గరికి వెళ్లి, ఆడుతున్న అబ్బాయిని వేరే చోటికి పంపి, స్విచ్ ఆపాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని రెండు స్క్రూలు తీసి, గొళ్లెం నొక్కి, కార్డు బయటికి లాగాను. ఇంకా వెచ్చగా ఉంది. చీర ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. తిరుగు ప్రయాణంలో పెట్టె అత్త ఒళ్లో ఉంది. గతుకుల దగ్గర రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంది.

పోయిన ముక్క పోయింది. మర్నాడు మొదటినుంచి చేయాల్సి వచ్చింది. అక్కడ ఆటల కోసం కార్డు స్పీడు పెంచారు, ఇక్కడ కార్డు మళ్లీ పెట్టగానే కంప్యూటర్ తనంతట తాను కొత్త డ్రైవర్ వేసుకుంది. మేలో ఇదే పనికి నాకు పదమూడు రోజులు పట్టింది. ఈసారి పెళ్లికార్డులు వరసగా ముందు పరుచుకుని, ఒక్కోదాన్ని చూస్తూ చేస్తే గంటంబావు పట్టింది. మామ స్టూలు మీద ఊదుబత్తి పట్టుకుని ఉన్నాడు.

రాత్రి ఇంటికి రాని ప్రేమ్ అప్పుడే వచ్చాడు. గోపాలు ఫోన్ చేసి ఉంటాడు.

"నన్ను అడగకుండ పోయి నా దోస్తు ముందట ఇజ్జత్ తీస్తవా?"

"నువ్వు నన్ను అడిగి తీస్కపోయినవా?"

"కార్డు నాది. బిల్లు నా పేరు మీద ఉన్నది."

లేచి కుర్చీ ఆయన వైపు తిప్పాను. "అవ్, నీదే. అయితే శ్రావణంల పదకొండు పెండ్లిళ్లు గూడ నువ్వే కోసుకో. మౌసు అక్కడ ఉన్నది. కూర్చో."

ప్రేమ్ మౌసు వంక చూశాడు. తొమ్మిదేళ్లలో ఆయన ఆ కుర్చీలో ఒక్కపూట కూర్చోలేదు. నేను అరవలేదు.

ఆయన తండ్రి వైపు తిరిగాడు. "నాయినా, నువ్వన్న చెప్పు. ఇది నడిస్తే నీ దమ్ము తగ్గుతదని ఆశ పెట్టుకున్నవా?"

"నాకు తగ్గదని నాకెర్క లేదారా?" అన్నాడు మామ. గాలి కోసం ఆగాడు. మేమంతా ఆగాం. "ఇరవై రెండేండ్లు ఫ్యాన్ నడిపిన. కింద ఎవడు ఏ మూలకు పనిచేస్తుండో నాకు తెల్సా? మొకం చూసినంకనే గాలి ఇస్తనంటే ఎట్లుండు?" మళ్లీ ఆగాడు. "గీ పనికి కార్డు ఖరాబు కాదు. నేను జూస్తున్న కదా. పో, మొకం కడుక్కో."

ప్రేమ్ పోలేదు. కొంచెంసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత తెర మీదకు వంగి, "అరవై తొమ్మిది అంటే ఏంది?" అన్నాడు.

"వేడి."

"పెండ్లిళ్లప్పుడు ఎంత ఉంటుండె?"

"తొంభై దాక."

ఆ రోజుకు మా మధ్య అంతే జరిగింది. సమాధానపడ్డాడని చెప్పలేను. కానీ స్క్రూడ్రైవర్ ముట్టలేదు.

మామ ఆ ఏడు చలికాలం దాటలేదు. డాక్టరు చెప్పినట్టే అయింది, ఏ మందూ టైముకు రాలేదు. వస్తుందని మేమెవరమూ అనుకోలేదు. పోయేలోపు ఆయన మంచం మీదనుంచే ఊళ్లో ఇంకో నాలుగు ఇళ్లకు గాలి తొవ్వలు చెప్పాడు. కంప్యూటర్లున్న పిల్లలు ఫోన్‌లో ఫోటోలు తీసుకొచ్చి చూపిస్తే, "గీ సందు మూసెయ్యి, గా కిటికీ తెరువు," అనేవాడు. ఆ నాలుగు ఇళ్లలోనూ ఇప్పుడు ఈ ముక్కలు నడుస్తున్నాయి. ఇది ముందే చెప్పేసి, మళ్లీ ఆ శ్రావణం సంగతికి వస్తాను, ఎందుకంటే ఆయన ఉన్న రోజుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

మొదటి ముహూర్తం తండాలో. హరిలాల్ అని ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు, ఆయన బిడ్డ చాంది పెళ్లి. తండాలో వాన నడుమనే పెళ్లి జరిగింది. ప్రేమ్ బాగా తీసుకొచ్చాడు. దానికి పనిచేస్తూ ఆఖరున, ఎవరినీ అడగకుండా, 'ఎడిటింగ్: భాను' అని ఒక్క లైను పెట్టాను. ప్రేమ్ చూశాడు. అక్షరాలు ఇంకొంచెం పెద్దగా ఉంటే బాగుండేదన్నాడు.

అప్పటికి రెండు రకాల సెట్టింగులు పెట్టుకున్నాను. నేను కూర్చుంటే పెళ్లిళ్లవి, నేను లేస్తే ఆ ముక్కలవి. ఇక తీసెయ్యవచ్చు కదా అని ప్రేమ్ ఒకసారి అన్నాడు. నేను తీయలేదు.

ఆ మధ్యాహ్నం రేకుల మీద వాన దంచుతోంది. హరిలాల్ తడిసి వచ్చాడు. అల్లుడివాళ్లు సాయంత్రం బండికి వెళ్లిపోతున్నారు, వీడియోలో వాళ్ల అమ్మమ్మ కనబడలేదట, ఎక్కడన్నా ఉంటే చేర్చి ఇవ్వమన్నాడు. సరేనన్నాను. తెర మీద చూస్తే ముక్క తొంభై ఒక్క శాతం దగ్గర ఉంది. 'ఇది పూర్తిచేసి ఆగు' అన్న గుర్తు నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

హరిలాల్ కాసేపు చూశాడు. "పని మొదలువెట్టవా అమ్మా?"

"ఒకరిది చేతిల ఉన్నదన్నా. అరగంటల అయితది. అది పోంగనే మీదే."

"ఎవరిది? మా తండోళ్లదేనా?"

"తెల్వదన్నా."

ఆయన నా మొహం వంక చూశాడు. ఎగతాళి చేస్తున్నానా అని చూసినట్టున్నాడు. తర్వాత తెర మీద నెమ్మదిగా పెరుగుతున్న అంకెను చూశాడు. వాన వల్ల మామ మంచం లోపలికి, ముందుగదిలోకే వేసి ఉంది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఆయన మెలకువగానే ఉన్నాడు.

హరిలాల్ తలకున్న తువ్వాలు తీసి గడప బయట పిండాడు. వచ్చి మంచం చివర కూర్చోబోయాడు. మామ కాళ్లు ముడుచుకుని ఆయనకు చోటిచ్చాడు.